షావలి మామ వెల్డింగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బిట్రగుంటలో అందరికీ తెలుసు. అయినా వనజాక్షి తన పికప్పును తిన్నగా నా షెడ్డులోకి తోలుకొచ్చి, దిగి, సీటు మీద నుంచి గోనెసంచి చుట్టిన పెట్టె ఒకటి తీసి నా బల్ల మీద దబ్బున పెట్టింది. నేనప్పుడు టీ తాగుతున్నాను. టీ తాగేటప్పుడు నా బల్ల మీద ఎవరేం పెట్టినా నాకు ఒళ్లు మండుతుంది.

"ఏందిది?" అన్నాను.

"లాకరన్నా. ఎలక్ట్రానిక్ లాకరు. కోయంబత్తూరు నుంచి తెప్పించినా. ఎనక యాక్సిల్లో కూర్చోబెట్టాల."

"లాకరంటే బ్యాంకులో ఉంటాది. ఆడికి పో."

ఆమె నవ్వలేదు. బోగోలు కింద సముద్రం ఒడ్డున వాళ్ల పాలెం. పడవలు ఒడ్డుకు తగిలే చోటి నుంచి తారు రోడ్డు దాకా ముప్పావు కిలోమీటరు ఇసుక. చేపల పెట్టెలు వేసుకున్న పికప్పు ఆ ఇసుకలో వారానికి మూడుసార్లు దిగబడుతోందట. ట్రాక్టరు వచ్చి లాగే లోపల ఐసు నీళ్లయిపోతోందట.

"కావలిలో ముగ్గుర్ని అడిగినానన్నా. ఇప్పేదానికి అందురూ ఒప్పుకున్నారు. బిగించేదానికి ఒక్కడూ ఒప్పుకోలా," అంది.

ఈ మాటకు మాత్రం నాకు నవ్వొచ్చింది. ఇప్పుడెవరికీ యాక్సిల్ లోపలి సంగతి అక్కర్లేదు. చెడిపోతే మొత్తం ఊడబీకి కొత్తది పెడతారు. విప్పి, కొలిచి, సరిచేసి బిగించే ఓపిక మా షావలి మామతోనే పోయింది. మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ పదేళ్లుగా చెయ్యి పెట్టనివాణ్ణి.

"ఎవురమ్మాయివి నువ్వు?"

"కామాక్షయ్య కూతుర్నన్నా. మా నాయనకు తెలీకుండా వచ్చినా. ఈ షెడ్డులో చేయించినానంటే ఆయన బండెక్కడు. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకోని ఇసకలో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాలని నా కోరిక. కావలిలో చేయించినానని చెప్తా. నువ్వు మాత్రం నోరు మెదపబాక."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. కామాక్షయ్య పేరు మా షెడ్డులో వినిపించి ఇరవై ఎనిమిదేళ్లయింది.

ఆ రోజుల సంగతి చెప్పాలంటే ముందు మామ సంగతి చెప్పాలి. షావలి మామ మా అమ్మకు తమ్ముడు. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్లు వందల్లో తిరిగే కాలంలో లోకో షెడ్డులో ఖలాసీగా చేరి, ఇనుముతో మాట్లాడటం నేర్చుకున్నాడు. ఇంజన్లు ఒక్కొక్కటే మూలపడుతుంటే ఉద్యోగం వదిలి, రైల్వే కాలనీ వెనక రేకుల షెడ్డు వేసుకున్నాడు. పదమూడేళ్లకు నన్ను తెచ్చి అందులో పడేశారు. తెల్లారితే బొగ్గు పొగ వాసన, గ్రీజు వాసన, పక్కనే అత్త వేసే దోశల వాసన. మూడూ కలిసిన ఆ గాలి ఇప్పుడు ఏ ఊళ్లోనూ దొరకదు. రేకుల మీద ఎండ చిటపటమంటుంటే మామ నోట్లో తమలపాకు వేసుకుని, బండి కింద పడుకుని, ఏదో కూనిరాగం తీసేవాడు. ఆ రాగం ఆగిందంటే లోపల ఏదో తేడా దొరికిందని మాకర్థం.

అప్పట్లో పాలెం వాళ్లందరికీ కలిపి ఒక పాత జీపు ఉండేది. ముందు చక్రాల గేరు ఎప్పుడో ఊడిపోయింది. వెనక చక్రాలతోనే పడవలు లాగాలి. దాని డ్రైవరు కామాక్షయ్య. పొట్టిగా, పిడిలా ఉండేవాడు. జీపు మీద కూర్చుంటే రాజులాగా ఉండేవాడు. వారానికోసారి షెడ్డుకొచ్చేవాడు, బండికి రోగం ఉన్నా లేకపోయినా. వచ్చేటప్పుడు అత్తకు మావల చేపలు తెచ్చేవాడు. మామా ఆయనా ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ముల్లు తీయడం చేతకాదని కామాక్షయ్య మామను ఏడిపించేవాడు.

ఇసుకలో జీపు దిగబడటం అప్పుడూ ఇదే కథ. చూడండి, వెనక యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండుకు ఒక గుణముంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కాబట్టి, ఏ చక్రం తేలిగ్గా తిరిగితే దాన్ని తిరగనిస్తుంది. రోడ్డు మీద అది మంచిదే. ఇసుకలో మాత్రం, పని చేసే కొడుకును పస్తు పెట్టి, తిరుగుబోతు కొడుక్కు అన్నమంతా వడ్డించే తల్లిలా తయారవుతుంది. ఒక చక్రం గిరగిరా తిరిగి గుంట తవ్వుకుంటుంది. రెండోది కదలదు.

దానికి మామ ఒక మందు కనిపెట్టాడు. గుండు లోపలి చిన్న గేర్లను వెల్డింగు పెట్టి అతికేశాడు. ఇక రెండు చక్రాలూ కలిసే తిరగాలి, వేరే దారి లేదు. ఆ రోజు జీపు పడవను లాక్కుంటూ ఇసుక మీద బుసలు కొడుతూ ఎక్కుతుంటే పాలెం పాలెమంతా వెంట పరిగెత్తింది. కామాక్షయ్య దిగొచ్చి మామను అమాంతం ఎత్తుకున్నాడు. రోడ్డు మీద మలుపు తిప్పడం కష్టమయ్యేది, టైర్లు కీచుమనేవి. కామాక్షయ్య జబ్బలకు అది లెక్కలోది కాదు. అలా రెండేళ్లు నడిచింది. నా బతుకులో అంత మంచి రెండేళ్లు మళ్లీ రాలేదు.

తర్వాత ఒక రోజు సాయంత్రం రైలు గేటు దగ్గరి మలుపులో జీపు ఉన్నట్టుండి బిగుసుకుపోయి పల్టీ కొట్టింది. కామాక్షయ్య కుడికాలు దాని కింద పడింది. మోకాలి కింద ఎముక ముక్కలైంది. మనిషి బతికాడు గానీ, మళ్లీ స్టీరింగు పట్టలేదు, పడవెక్కలేదు.

"షావలి వెల్డింగు కాలు తీసింది" అంది పాలెం. కుర్రాళ్లు కర్రలతో షెడ్డు మీదికొస్తే మామ బయటికొచ్చి, "నా చేతి పనే. నన్ను కొట్టండి" అన్నాడు. వాళ్లు కొట్టలేదు. ఆ తర్వాత మా షెడ్డు గడప తొక్కనూ లేదు. మామ మళ్లీ వెల్డింగు రాడ్డు ముట్టుకోలేదు. జీపు యాక్సిల్‌ను షెడ్డు మూలకు దొర్లించి, "దీన్నెవురూ ముట్టుకోబాకండి" అన్నాడు. పదకొండేళ్ల కిందట చనిపోయాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. షెడ్డు నా చేతికొచ్చాక బేరం రాక, వచ్చినవాడికల్లా చెప్పేవాణ్ణి: "అదంతా మా మామ కాలంలో సార్. ఆయన మొండి వెల్డింగు వల్ల ఒకడి కాలు పోయింది. నా దగ్గర అట్టాంటి పనులుండవు." గురువుకు పంగనామాలు పెట్టడమంటే ఇదే. ఏళ్ల తరబడి పెట్టాను. అబద్ధం చెబుతున్నానని మాత్రం నాకు ఏనాడూ అనిపించలేదు.

వనజాక్షి తెచ్చిన పెట్టె విప్పి చూశాను. మామ వెల్డింగుతో చేసిన పనినే ఇది కరెంటుతో చేస్తుంది. లోపల అయస్కాంతపు కాయిల్ ఉంది. డ్రైవరు ముందర స్విచ్చి నొక్కితే రెండు చక్రాలూ ఒకటవుతాయి. రోడ్డెక్కాక తీసేస్తే మళ్లీ వేటి దారిన అవి పోతాయి. పట్టుకోవడం, వదలడం రెండూ తెలిసిన సామాను. మామ చూసి ఉంటే పిల్లాడిలా పదిసార్లు నొక్కి చూసేవాడు. "చేస్తా. మూడ్రోజులాగి రా" అన్నాను.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. చాలాకాలం ముట్టుకోని పని చేయాల్సి వస్తే, బతికున్న బండి మీద చెయ్యి వేసే ముందు, చచ్చినదాన్ని ఒకసారి విప్పి బిగించాలి. మామ నియమం అది. పదేళ్లుగా యాక్సిల్ విప్పనివాణ్ణి, షెడ్డులో ఉన్న చచ్చిన యాక్సిల్ అదొక్కటే. మర్నాడు పొద్దున్నే మూలనున్న జీపు యాక్సిల్ మీది దుమ్ము తుడిచి మూత విప్పాను.

వెల్డింగు చెక్కుచెదరలేదు. మొదట చూసింది అదే. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత కూడా అతుకు అతుకులాగే ఉంది, వెంట్రుకంత బీట లేదు. మరి బిగుసుకుపోయిందెక్కడ? లాంతరు దగ్గరికి తెచ్చి చూస్తే ఎడమవైపు బేరింగు నల్లగా మాడిపోయి, పగిలి ఉంది.

ఆ గుండును రెండు పక్కలా రెండు బేరింగులు మోస్తాయి. ఒక్కో బేరింగు మీద అర్ధచంద్రం లాంటి ఇనుప టోపీ ఉంటుంది. ఏ టోపీ ఏ వైపుదో ఆ వైపే పెట్టాలి. కుడి ఎడమలు తారుమారైతే బేరింగును పీక పిసికినట్టు పిసుకుతుంది. ఏమరపాటు రాకుండా మామ విప్పేటప్పుడే పంచితో చుక్కలు కొట్టేవాడు. ఒక టోపీకి ఒక చుక్క, రెండోదానికి రెండు. ఇక్కడ ఎడమ టోపీకి ఒక చుక్క ఉంది, కుడిదానికి రెండు. అంతా సవ్యంగానే ఉంది. ఎడమ టోపీ లోపల మాత్రం ఒక అంచున లోతుగా గీరుకుపోయి ఉంది.

ఎందుకో రెంటినీ మార్చి పెట్టి చూశాను. రెండూ గూట్లో పడ్డ గువ్వల్లా కూర్చున్నాయి. వేలితో తడిమితే అంచు తెలియలేదు.

అక్కడే నేల మీద కూలబడ్డాను.

జీపు పల్టీ కొట్టడానికి పదిరోజుల ముందు ఒక శుక్రవారం. ఆయిల్ కారుతోందని మామ ఈ యాక్సిల్ విప్పి సీలు మార్చాడు. ఇంతలో జుమ్మా నమాజుకు వేళైంది. "వచ్చినాక బిగిద్దాం" అని వెళ్లాడు. పాలెంలో చేపలు బాగా పడ్డాయని కామాక్షయ్య మనిషిని తొందరపెట్టి పంపాడు. నాకు ఇరవై రెండేళ్లు, ఒంటి నిండా పొగరు. టోపీలు ఎప్పుడూ మామే పెట్టేవాడు, నన్ను పెట్టనిచ్చేవాడు కాదు. ఆ రోజు నేనే పెట్టాను. ఒక చుక్క ఎడమ, రెండు చుక్కలు కుడి. నేను బోర్డు స్కూల్లో తెలుగు దిద్దినవాణ్ణి. నాకు ఒకటి ఎడమ నుంచే మొదలవుతుంది. మామ బడి ముఖం చూడలేదు. మసీదులో మౌల్వీ దగ్గర, కుడి నుంచి ఎడమకు రాసే అలిఫ్, బే నేర్చుకున్నాడు. ఆయన గోడకు పానాలు తగిలించినా, నట్లు వరసగా పేర్చినా కుడి నుంచి ఎడమకే. ఆయన కొట్టిన ఒక చుక్క కుడి టోపీది. రోజూ ఆ గోడ కింద పనిచేసిన నాకు ఆ ఒక్క సంగతి బుర్రకెక్కలేదు. నమాజు నుంచి వచ్చి "టోపీలు సరిగ్గా చూసుకున్నావా?" అని అడిగాడు. "చూసుకున్నా మామా" అన్నాను. నమ్మాడు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. జీపు పడిన నెలలోనే మామ చుక్కలు కొట్టడం మానేశాడు. ఉలితో టోపీకీ, కింది ఇనుముకూ కలిపి ఒకే గీత గీయడం మొదలుపెట్టాడు. గీత కలిస్తే సరి, లేకపోతే కాదు. గుడ్డివాడు కూడా తప్పు పెట్టలేడు. ఎందుకు మార్చాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మధ్యాహ్నం జమాల్‌బీ అత్త దగ్గరికి వెళ్లాను. గేరు పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి మామ తాంబూలం సున్నాన్ని గ్రీజులో కలిపి పళ్లకు పూసేవాడు. సున్నం కావాలన్నది నా సాకు. అత్తకు డెబ్భై దాటాయి, ఇప్పటికీ ఆకు నమలందే పొద్దుపోదు. డబ్బా ఇచ్చింది. నేను కదలకపోయేసరికి నా ముఖంలోకి చూసింది.

"ఆ యాక్సిల్ విప్పినావా?" అంది.

"మామకు తెలుసా అత్తా?"

"తెలుసు. జీపు పడినాక నిన్ను నెల్లూరికి పంపి, తలుపేసుకోని విప్పినాడు ఆ దినం. ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చోని ఏడ్చినాడు. వానికి చెప్పొచ్చు గదా అన్నా నేను. చెప్తే వాని చేతికి భయం పడతాది, భయపడిన చెయ్యి ఇంక పనికి రాదు జమాలూ, అన్నాడు. నా కాడ కూడా ఒట్టు పెట్టించుకున్నాడు."

"మరి ఇప్పుడు చెప్పినావే."

"నేను యాడ చెప్పినాను. నువ్వే చూసుకోనొచ్చినావు," అంది అత్త. కళ్లు తుడుచుకుని మళ్లీ ఆకుకు సున్నం రాసుకుంది.

మూడ్రోజులు నేను ఎవరి మీదా కోప్పడలేదు. టీ కొట్టు మునెయ్య వచ్చి నా నుదురు పట్టుకుని జ్వరమేమో చూసిపోయాడు. పికప్పు యాక్సిల్ విప్పాను. టోపీలకు మామ గీసినట్టే ఉలితో గీతలు గీశాను. పాత గుండు తీసి, పెద్ద గేరును కొత్త లాకరుకు బిగించాను. బేరింగుల పక్కన పెట్టే పలచటి రేకులు ఒక్కొక్కటే మార్చుకుంటూ, సున్నం పూసి తిప్పి, పళ్ల మధ్యలో తెల్లటి మచ్చ సరిగ్గా పడేదాకా ఇరవైసార్లయినా విప్పి బిగించాను. కాయిల్ వైరుకు కంత తొలిచి, ఇనుప రజను ఇసుమంతైనా మిగలకుండా తుడిచాను. ముందర స్విచ్చి పెట్టాను. చెయ్యి వణకలేదు. మామ మాట నిజమే, ఆ చేతికి ఆయన భయం పడనివ్వలేదు.

నాలుగో రోజు పొద్దున వనజాక్షితో పాటు నేనూ పాలెం వెళ్లాను. పరీక్ష చూడాలి కదా అంటే సరేనంది. దారి పొడుగునా ఒకటే పాఠం. "నువ్వు కావలి మెకానిక్కువి. పేరు అడిగితే ఏదోటి చెప్పు. ఆయనకు కళ్లు కూడా సరిగ్గా ఆనవులే."

కామాక్షయ్య పాకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆ పిడిలాంటి మనిషి ఎండిపోయి సగమయ్యాడు. పక్కన కర్ర ఉంది.

పది పెట్టెల చేపలు ఎక్కించుకుని వనజాక్షి ఇసుకలోకి దిగింది. స్విచ్చి నొక్కకుండా ముందు పోనిచ్చింది. కుడి చక్రం గిరగిరా తిరిగి, బండి కడుపు దాకా దిగబడింది. జనం నవ్వారు. అప్పుడు నొక్కింది. లోపల టక్కుమంది. రెండు చక్రాలూ ఒక్కసారిగా ఇసుకను కరుచుకుని, బండి నెమ్మదిగా లేచి, గుంటలోంచి బయటికొచ్చి, తిన్నె మీదికి ఎక్కిపోయింది. పాక దగ్గర కామాక్షయ్య లేచి నిలబడ్డాడని, కర్ర కింద పడిపోయిందని నేనే ముందు చూశాను.

ఆమె బండిని తెచ్చి ఆయన ముందు ఆపింది. ఆయన టైరును తడిమాడు, వంగలేక వంగి యాక్సిల్ వైపు చూశాడు. ముఖం వెలిగిపోతోంది.

"అప్పుడు మన జీపు కూడా ఇట్టనే ఎక్కేది," అన్నాడు. నా వైపు తిరిగాడు. "మంచి చెయ్యి అబ్బయా నీది. యా ఊరు?"

వనజాక్షి ఆయన వెనక నుంచి నాకు కళ్లతోనే దండం పెడుతోంది. కావలి అని మూడక్షరాలు పలికితే చాలు. ఆయన బండెక్కుతాడు, ఆ పిల్ల కోరిక తీరుతుంది, నా షెడ్డు పేరు నిలబడుతుంది. చెడ్డపేరు ఎటూ పోయినవాడి మీదే ఉంది, ఆయనకిక నొప్పి తెలియదు. ఇదంతా నేను ఆ క్షణంలో ఆలోచించాను. ఆలోచించలేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది.

"బిట్రగుంట చిన్నాయనా. షావలి మేనల్లుణ్ణి. షాహుల్ని," అన్నాను.

ఆయన చెయ్యి టైరు మీద నుంచి తీసేశాడు. నేను ఆగకుండా మొత్తం చెప్పాను. శుక్రవారం, చుక్కలు, టోపీలు, మామ తలుపేసుకుని విప్పడం, కర్రల ముందు నిలబడటం. "వెల్డింగు కాదు. మామ తప్పు లేదు. నీ కాలు తీసింది నేను," అన్నాను. వనజాక్షి స్టీరింగు మీద తల ఆన్చేసుకుంది.

ఆయన ఇసుకలోనే మెల్లగా కూర్చున్నాడు.

"షావలన్న ప్రతి ఆదివారం వచ్చేవాడు," అన్నాడు. "ఆరేళ్లు వచ్చినాడు. ఆ పడవ నీడన కూర్చునేవాడు. నేను పాక్కాడ్నించి చూసి మొకం తిప్పుకోనేవాణ్ణి. వనజ వాళ్లమ్మ మంచినీళ్లిస్తే తాగి పోయేవాడు. ఒక్క దినం కూడా, నేను కాదు కామాక్షా అనలా. పోయినాడని కబురొస్తే నేను పోలా. పిడికెడు మన్ను కూడా ఎయ్యలా."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. కొడతాడేమోనని ఆశగా ఉంది.

"నువ్వంటే నా కాడికొచ్చి చెప్పేసినావు," అన్నాడు. "నేనెవురి కాడికి పోయి చెప్పేది?"

ఆయనే చెయ్యి చాపాడు. లేపి నిలబెట్టాను. చేపల పెట్టెలు దింపమని కూతురికి చెప్పి, బండి ముందు తలుపు ఆయనే తీసుకుని, చెడ్డకాలు రెండు చేతులతో లోపలికి ఎత్తిపెట్టుకున్నాడు.

ఇసుకంతా దాటి తారు రోడ్డెక్కగానే వనజాక్షి స్విచ్చి తీసేసింది. బిట్రగుంట రైలు గేటు మలుపులో బండి తేలిగ్గా తిరిగింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

కబరస్తాన్‌లో మామ సమాధికి రాయి లేదు. సరుగుడు చెట్టు పక్కన చిన్న మట్టి దిబ్బ, అంతే. కామాక్షయ్య వంగలేడు. నేనే మన్ను తీసి ఆయన దోసిట్లో పోశాను. ఆయన దాన్ని నెమ్మదిగా దిబ్బ మీద జార్చి, "ఆలిస్యమైపోయింది షావలన్నా," అన్నాడు. తర్వాత నా వైపు చూసి, నువ్వూ వెయ్యమన్నాడు.

"నేను అప్పుడే ఏసినా చిన్నాయనా," అన్నాను. అది నిజమే. పదకొండేళ్ల కిందట అదే చోట నిలబడి మూడు పిడికిళ్లు వేశాను. వేస్తూ, పాపం ముసలాడు, ఆయన చేసిన తప్పును క్షమించేశాననుకున్నాను. ఆ సంగతి కూడా కామాక్షయ్యకు చెప్పాను. చెప్పి, వంగి మన్ను తీసుకున్నాను.